మోర్మన్లు: ఒక పరిచయం

విద్యార్థి సంఘం సాహిత్య కార్యదర్శి ఇంటికి వచ్చి, "సార్, సావనీరుకు ఏదైనా రాసివ్వండి. కాలవలూ తూములూ మాత్రం వద్దు" అన్నాడు. మన కాలేజీలో చదివి, ఇక్కడే పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. జీవితమంతా చెప్పింది కాలవల పాఠమే గనుక ఆ కుర్రవాడి భయం నాకు అర్థమైంది. ఐనా ఈ వ్యాసంలో ఒకచోట కాలవ రాక తప్పదు. ముందే క్షమించమని మనవి.

ఇది రాయడానికి ఒక కారణం ఉంది. పోయిన వేసవిలో ఇక్కడే నాతో చదువుకున్న మిత్రుడొకడు ఫోను చేశాడు. వాళ్ళది తాతల నాటి నుంచీ లూథరన్ సంఘంలో ఉన్న కుటుంబం. కొడుకు హైదరాబాదులో డిగ్రీ చదువుతున్నాడు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లటి పేరు బిళ్ళ ఉన్న ఇద్దరు యువకులు ఆ పిల్లవాడి గదికి వచ్చి ఒక పుస్తకం ఇచ్చి వెళ్ళారట. అది చదివి ఆదివారాలు వాళ్ళ సంఘానికి వెళ్ళడం మొదలుపెట్టాడట. "నువ్వు వాళ్ళ దేశంలో రెండేళ్ళు ఉన్నావు గదరా. అసలు వాళ్ళు క్రైస్తవులేనా? వీణ్ణి కాస్త కూర్చోబెట్టి చెప్పు" అన్నాడు. పిల్లవాడు వచ్చాడు. రాగానే, "బాబాయ్, వద్దని చెప్పమని నాన్న మిమ్మల్ని అడిగారు గదా" అన్నాడు. "అడిగాడు. నేను వద్దనీ అనను, సరేననీ అనను. తెలిసింది చెబుతాను" అన్నాను. ఆ రోజు చెప్పిందే కాస్త సరిచేసి ఇక్కడ రాస్తున్నాను.

నేను 1983 సెప్టెంబరు నుంచి 1985 వేసవి దాకా అమెరికాలో యూటా రాష్ట్రంలో లోగన్ అనే చిన్న ఊళ్ళో చదువుకున్నాను. నీటిపారుదల ఇంజనీరింగుకు అక్కడి విశ్వవిద్యాలయం పేరున్నది. ఊరంతా దాదాపు మోర్మన్లే. కొండ మీద వాళ్ళ దేవాలయం, రెండు బురుజులతో, ఎక్కణ్ణుంచి చూసినా కనబడేది. 1884లో కట్టిన ఆ గుడికి నేనున్నప్పుడే నూరేళ్ళు నిండాయి. రెండేళ్ళలో లోపలికి మాత్రం ఒక్కసారి కూడా వెళ్ళలేదు. వెళ్ళనివ్వరు కూడా. ఆ సంగతి తరవాత చెబుతాను.

మొదట పేరు సంగతి. "మోర్మన్" అన్నది బయటివాళ్ళు పెట్టిన పేరు. వాళ్ళ సంఘం అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. చాలాకాలం వాళ్ళూ మోర్మన్ అనే పేరును ఒప్పుకున్నారు గాని, 2018లో అప్పటి అధ్యక్షుడు రసెల్ నెల్సన్ ఇక ఆ పేరు వాడవద్దని కోరాడు. ప్రపంచమంతా తెలిసిన వాళ్ళ గాయక బృందం పేరులోంచి కూడా ఆ మాట తీసేశారు. మన పాఠకులకు తెలిసినది పాత పేరే గనుక నేను అదే వాడుతున్నాను. అగౌరవం ఏమీ లేదు. సంఘం లెక్క ప్రకారం సభ్యులు ప్రపంచమంతటా 1 కోటి 70 లక్షల పైచిలుకు. అందులో సగానికి పైగా అమెరికా బయటే ఉన్నారు.

మతస్థాపకుడు జోసెఫ్ స్మిత్. 1805 డిసెంబరు 23న వెర్మాంట్ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రికి పంటలు కలిసిరాక కుటుంబం న్యూయార్కు రాష్ట్రంలో పాల్మైరా అనే ఊరి దగ్గరికి వలస వచ్చింది. న్యూయార్కు అనగానే మహానగరం అనుకోకండి, ఇది ఆ రాష్ట్రపు పడమటి పల్లెటూరు. ఆ రోజుల్లో అక్కడ మతోద్రేకం విపరీతం. ఒక్కొక్క సంఘంవారు గుడారాలు వేసి రాత్రింబవళ్ళు బోధలు చేసేవారు. ఆ ప్రాంతాన్ని చరిత్రకారులు "మంటలకు మాడిన నేల" అన్నారంటే ఊహించుకోండి. ఇన్ని సంఘాల్లో ఏది నిజమో తేలక జోసెఫ్ 1820లో, అంటే పద్నాలుగో ఏట, అడవిలోకి పోయి ప్రార్థన చేశాడట. తండ్రియైన దేవుడూ యేసూ ఇద్దరు వ్యక్తులుగా కనబడి, ఏ సంఘంలోనూ చేరవద్దన్నారట. 1823లో మొరోనై అనే దేవదూత వచ్చి, కుమోరా అనే గుట్టలో బంగారు రేకుల మీద రాసిన గ్రంథం ఉన్నదని చెప్పాడట. 1827లో ఆ రేకులు చేతికి వచ్చాయన్నాడు. "ఈజిప్టు లిపిని సంస్కరించిన" అక్షరాల్లో ఉన్న ఆ రాతను దైవశక్తితో ఇంగ్లీషులోకి చెబుతూ పోతే వేరొకరు రాసుకున్నారు. ఒక రాయిని టోపీలో పెట్టి, ముఖం ఆ టోపీలో దాచుకొని చెప్పేవాడని ఆనాటి వాళ్ళు రాసిపెట్టారు. సంఘమే ఆ రాయి ఫోటోను 2015లో అచ్చువేసింది.

ఇక్కడ ఒక చిన్న కథ. మొదట రాసిన 116 పేజీలను మార్టిన్ హారిస్ అనే రైతు, భార్యకు చూపించాలని బతిమాలి ఇంటికి పట్టుకుపోయి పోగొట్టాడు. అవి ఈనాటికీ దొరకలేదు. జోసెఫ్ ఆ భాగాన్ని మళ్ళీ చెప్పలేదు. దొంగిలించినవారు అక్షరాలు మార్చి ఇరికిస్తారని దైవాజ్ఞ అయిందన్నాడు. నమ్మనివాళ్ళకు ఇదొక పెద్ద ఆధారం, నమ్మినవాళ్ళకు ఇదొక పరీక్ష. ఆ హారిసే తర్వాత తన పొలం తాకట్టు పెట్టి పుస్తకం అచ్చుకు పూచీపడ్డాడు. 1830 మార్చిలో పాల్మైరాలో 5000 ప్రతులు వచ్చాయి. అదే "మోర్మన్ గ్రంథము". తర్వాత నెల, ఏప్రిల్ 6న సంఘం పుట్టింది.

గ్రంథంలో ఏముంది? క్రీస్తుకు పూర్వం 600 ప్రాంతంలో లేహై అనే ఆయన కుటుంబంతో యెరూషలేము విడిచి, ఓడ కట్టుకొని అమెరికా ఖండం చేరతాడు. కొడుకుల మధ్య చీలిక వచ్చి నీఫైయులు, లామానీయులు అని రెండు జాతులవుతాయి. వెయ్యేళ్ళ యుద్ధాలు, ప్రవక్తలు, పతనాలు. పునరుత్థానమైన యేసు ఆ ఖండానికి కూడా వచ్చి బోధించాడంటుంది గ్రంథం. చివరికి నీఫైయులు నశిస్తారు. ఈ చరిత్రనంతా క్లుప్తం చేసి రేకులమీద రాసినవాడు మోర్మన్, దాచినవాడు అతని కొడుకు మొరోనై.

పిల్లవాడు ఇక్కడే ఆపి, "ఇది నిజమేనా బాబాయ్?" అన్నాడు. నాకు తెలిసినంత చెప్పాను. పురావస్తు శాస్త్రజ్ఞులెవరూ, ఆ సంఘానికి బయట, దీన్ని చరిత్రగా ఒప్పుకోరు. గ్రంథంలో గుర్రాలూ ఉక్కూ గోధుమలూ వస్తాయి. ఆ కాలపు అమెరికాలో అవి ఉన్న జాడ లేదు. అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చినవారని జన్యుశాస్త్రం చెబుతోంది. ఒకప్పుడు గ్రంథం ముందుమాటలో లామానీయులే అమెరికన్ ఆదివాసులకు ముఖ్య పూర్వికులని ఉండేది. ఇప్పుడు "పూర్వికులలో ఒకరు" అని మార్చారు. జోసెఫ్ ఈజిప్టు మమ్మీల వెంట వచ్చిన కాగితాలు కొని, అవి అబ్రాహాము రాసినవని మరో గ్రంథం చేశాడు. ఆ కాగితాల ముక్కలు కొన్ని 1960లలో న్యూయార్కు మ్యూజియంలో బయటపడ్డాయి. చదవగలిగినవాళ్ళు చదివి, ఇవి శవసంస్కారపు మంత్రాలన్నారు. దీనికి సంఘం ఇచ్చే సమాధానాలు ఉన్నాయి, అవి నాకు తృప్తినివ్వలేదు. ఐతే మతగ్రంథాలను తవ్వకాలతో తూచడం మొదలుపెడితే ఆ త్రాసులోకి ఇంకా చాలా గ్రంథాలు ఎక్కించాల్సి వస్తుంది. అది మరిచిపోవద్దని కూడా చెప్పాను.

వాళ్ళు క్రైస్తవులేనా అన్న మిత్రుడి ప్రశ్నకు జవాబు ఎవరిని అడిగారన్నదాని మీద ఉంటుంది. వాళ్ళను అడిగితే నిస్సందేహంగా అవును. యేసే రక్షకుడు, బైబిలూ ప్రమాణమే. ఐతే మిగతా సంఘాలు ఒప్పుకునే త్రిత్వం వాళ్ళకు లేదు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ వేరువేరు వ్యక్తులు. తండ్రికి కూడా ఎముకలూ మాంసమూ ఉన్న శరీరం ఉంది. మనుషులందరూ పుట్టకముందే ఆత్మలుగా దేవుని దగ్గర ఉన్నారు, శరీరం కోసం, పరీక్ష కోసం భూమికి వచ్చారు. ఇది విని మన పునర్జన్మ అనుకోకూడదు. వచ్చేది ఒక్కసారే. చనిపోయాక మహిమగల లోకాలు మూడు. శాశ్వత నరకానికి పోయేవాళ్ళు బహుకొద్దిమంది. ఆదాము చేసిన తప్పుకు ఎవరూ శిక్ష అనుభవించరు, ఎవరి పాపం వారిది. అందుకే పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, ఎనిమిదేళ్ళు రావాలి. ఆజ్ఞలు నిలుపుకొన్నవారు పరలోకంలో దేవునివంటివారే కాగలరన్నది వాళ్ళ ఆశ. పైగా దైవవాణి ఆగిపోలేదు, సంఘాధ్యక్షుడు బతికున్న ప్రవక్త. ఇవన్నీ చూసి 2001లో కాథలిక్కు సంఘం మోర్మన్ బాప్తిస్మం చెల్లదని తేల్చింది. మన మిత్రుడి పాస్టరుగారి అభిప్రాయమూ అదే.

చరిత్ర మాత్రం కన్నీళ్ళ చరిత్ర. ఈ కొత్త సంఘాన్ని ఎక్కడా నిలవనివ్వలేదు. ఒహాయోలో కర్ట్‌లాండ్ వెళ్ళారు, అక్కడ 1836లో గుడి కట్టారు, నిలవలేదు. మిస్సోరీలో చేరితే 1838 అక్టోబరు 27న ఆ రాష్ట్ర గవర్నరు బాగ్స్, మోర్మన్లను శత్రువులుగా చూసి రాష్ట్రంనుంచి వెళ్ళగొట్టాలి, లేదా నిర్మూలించాలి అని అధికారికంగా ఉత్తర్వు వేశాడు. మూడు రోజులకు హాన్స్ మిల్ అనే చోట 17 మందిని కాల్చి చంపారు. ఆ ఉత్తర్వును 1976లో గాని రద్దు చేయలేదంటే నమ్మబుద్ధి కాదు. తర్వాత ఇలినాయిలో నావూ అనే పట్నం కట్టారు. అక్కడ జోసెఫ్ మేయరూ సేనాపతీ ప్రవక్తా అన్నీ తనే. 1844లో దేశాధ్యక్ష పదవికి కూడా నిలబడ్డాడు. అధికారమంతా ఒక్క చేతిలో పోగైతే ఏమవుతుందో అదే అయింది. సొంతవాళ్ళే కొందరు ఎదురుతిరిగి, అతని రహస్య వివాహాలను బయటపెడుతూ పత్రిక వేస్తే, ఆ ప్రెస్సును ధ్వంసం చేయించాడు. అరెస్టయి కార్తేజ్ జైల్లో ఉండగా 1844 జూన్ 27న గుంపు వచ్చి అతన్నీ అన్న హైరమ్‌నీ కాల్చి చంపింది. వయసు 38.

మతం అంతటితో పోతుందనుకున్నారు. పోలేదు. బ్రిగం యంగ్ అనే వడ్రంగి నాయకుడై 1846 చలికాలంలో జనాన్ని నది దాటించి పడమటికి నడిపించాడు. 1847 జూలై 24న ఉప్పు సరస్సు లోయ చేరారు. ఆ తేదీ ఈనాటికీ యూటాలో సెలవు, మన ఉగాదంత సందడి. వెనక వచ్చినవాళ్ళలో బండ్లకు డబ్బులేనివాళ్ళు చేతిబండ్లు లాక్కుంటూ నడిచారు. 1856లో ఆలస్యంగా బయలుదేరిన రెండు జట్లు మంచులో చిక్కుకొని రెండువందల మందికి పైగా చనిపోయారు.

ఇక నా కాలవ. ఆ లోయలో వాన లేదు. నేల గట్టి. మొదటి జట్టు వచ్చీరాగానే, బ్రిగం యంగ్ ఇంకా వెనక బండిలో ఉండగానే, కొండవాగుకు అడ్డకట్ట వేసి నీళ్ళు మళ్ళించి నేల నానబెట్టి దుంపలు నాటారు. ఇంగ్లండు నుంచి అమెరికాకు వచ్చిన చట్టం ప్రకారం ఏటి గట్టు ఎవరిదో నీళ్ళు వాళ్ళవి. ఎడారిలో అది చెల్లదని వీళ్ళు వెంటనే గ్రహించారు. నీరు అందరిది, వాడుకున్నవాడికి హక్కు, కాలవ తవ్వడంలో ఎవడెంత పని చేస్తే అంత వాటా. 1852 చట్టంతో నీళ్ళ అజమాయిషీ కౌంటీ కోర్టుల చేతిలో పెట్టారు. పంపిణీకి ఒక మనిషి, గంటల లెక్కన వంతు. మన చెరువుల కింద నీరటి, నీరుగంటి చేసే పనే. వేల మైళ్ళ అవతల, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, నీటి కొరత ఇద్దరికీ ఒకే పాఠం నేర్పింది. మన దగ్గర ఆ వ్యవస్థ ఎందుకు చెడింది, అక్కడ నూరేళ్ళకు పైగా ఎలా నిలిచింది అన్నదానికి నేను కాగితం మీద చాలా కారణాలు రాశాను. అసలు కారణం నాకు కనబడింది మా ఇంటి ముసలాయన దగ్గర.

ఆయన పాడి రైతు. ఇంటి కింది గది నాకు అద్దెకిచ్చాడు. ఆరేళ్ళు ఆ పేటకు బిషప్‌గా చేశాడు. బిషప్ అంటే అంగీ వేసుకొని ఉంగరం తొడుక్కున్న మతాధికారిని ఊహించవద్దు. మోర్మన్ పేటకు జీతం తీసుకునే పాస్టరు ఉండడు. పళ్ళ డాక్టరో, బడిపంతులో, రైతో కొన్నేళ్ళు ఆ పని చేసి మరొకరికి అప్పగిస్తాడు. ఆదివారం ప్రసంగాలు కూడా పేటలోనివాళ్ళే వంతులవారీగా చేస్తారు. పన్నెండేళ్ళ పిల్ల కూడా లేచి మైకు ముందు మాట్లాడుతుంది. ఒకనాడు రాత్రి రెండు గంటలకు ఆయన నీళ్ళ వంతు వచ్చింది. నేనూ టార్చి పట్టుకొని వెళ్ళాను. తలుపు ఎత్తాలని చూస్తే పక్క పొలం ఆయన అప్పటికే తన తలుపు దించి, వీళ్ళది ఎత్తి, గట్టుమీద కూర్చుని ఉన్నాడు. ఐదు నిమిషాలు ముందు! వచ్చే ఆదివారం ఇద్దరూ ఒకే బల్లమీద కూర్చోవాలి మరి.

ఆ రాత్రే అడిగాను, గుర్రాల సంగతీ రేకుల సంగతీ. ఆయన కోప్పడలేదు. పందొమ్మిదో ఏట, ఆ గ్రంథం చివర చెప్పినట్టు, ఇది నిజమా అని ప్రార్థన చేశాననీ, గుండెలో జవాబు వచ్చిందనీ, తర్వాత మళ్ళీ అడగలేదనీ చెప్పాడు. మోర్మన్లు ఎవరినైనా నమ్మమని కోరేది ఈ దారినే: చదువు, ప్రార్థించు, లోపల ఏమనిపిస్తుందో చూడు. ఇంజనీరుగా నాకు ఇది రుజువు కాదు. లోపల అనిపించేది మనం ముందే కోరుకున్నదై ఉండవచ్చు గదా! ఇది ఆయనతోనూ అన్నాను, మొన్న పిల్లవాడితోనూ అన్నాను.

అందరూ అడిగే ప్రశ్నకు వస్తాను. అవును, ఒకప్పుడు బహుభార్యాత్వం ఉండేది. జోసెఫ్ రహస్యంగా మొదలుపెట్టాడు. 30 నుంచి 40 మందిదాకా భార్యలని, వారిలో ఒకామెకు పదిహేనేళ్ళు కూడా నిండలేదని సంఘమే 2014లో ఒప్పుకుంది. యూటాలో 1852లో బహిరంగంగా ప్రకటించారు. బ్రిగం యంగ్‌కు 55 మంది. అమెరికా ప్రభుత్వం చట్టంమీద చట్టం చేసింది. 1879లో సుప్రీంకోర్టు, నమ్మకం మీ ఇష్టం గాని నేరం మతమని తప్పించుకోలేరని తీర్పిచ్చింది. జైళ్ళు నిండాయి, సంఘం ఆస్తులు జప్తుకు వచ్చాయి. చివరికి 1890లో అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ ఆ పెళ్ళిళ్ళు ఇక వద్దని ప్రకటించాడు, 1896లో యూటాకు రాష్ట్ర హోదా వచ్చింది. ఇప్పుడు ఎవరైనా రెండో పెళ్ళి చేసుకుంటే వెలి వేస్తారు. పత్రికల్లో అప్పుడప్పుడు కనబడే బహుభార్యల కుటుంబాలు విడిపోయిన చిన్న శాఖలవారివి.

దీంట్లో ఒక విచిత్రం ఉంది. యూటా ఆడవాళ్ళకు 1870లోనే ఓటు వచ్చింది, దేశంలో చాలాచోట్ల కంటే యాభై ఏళ్ళు ముందు. వాళ్ళు బహుభార్యాత్వానికి వ్యతిరేకంగా ఓటేస్తారని బయటివాళ్ళు ఆశించారు. వేయలేదు. దాంతో 1887లో కాంగ్రెసు ఆ ఓటు తీసేసింది! 1896లో మళ్ళీ వచ్చాక మార్తా హ్యూస్ కానన్ అనే లేడీ డాక్టరు రాష్ట్ర సెనేటుకు పోటీ చేసి నెగ్గింది. ఓడిపోయిన అభ్యర్థుల్లో ఆమె భర్త ఒకడు. ఆయనకు ఆమె నాలుగో భార్య. ఈ కథ మా ఇంటి ముసలమ్మ చెప్పి పడీపడీ నవ్వేది.

నవ్వలేని సంగతులు రెండు ఉన్నాయి. 1857 సెప్టెంబరు 11న దక్షిణ యూటాలో మౌంటెన్ మెడోస్ అనే చోట మోర్మన్ సైనికదళం వారు, అటుగా పోతున్న బిడారును ముట్టడించి, తెల్లజెండా చూపి ఆయుధాలు దింపించి, ఆడవాళ్ళూ పిల్లలతో సహా సుమారు 120 మందిని చంపారు. నెపం ఆదివాసుల మీదికి నెట్టారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఒక్కడికి మాత్రం శిక్ష పడింది. పదేపదే తరిమివేయబడ్డవాళ్ళు ఇంత పని ఎలా చేశారన్నది నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న. రెండోది, నల్లవారికి 1978 జూన్ దాకా యాజకత్వం ఇవ్వకపోవడం. ఆ సంఘంలో యాజకత్వం పన్నెండేళ్ళ ప్రాయం మగపిల్లలందరికీ ఇచ్చేది. అది లేకుండా ఉంచడమంటే ఏమిటో మన దేశంలో వివరించి చెప్పనక్కరలేదు. ఆడవాళ్ళకు ఇప్పటికీ ఇవ్వరు.

నిత్యజీవితంలో నన్ను కష్టపెట్టింది టీ. 1833లో వచ్చిన దైవవాణి ప్రకారం సారా, పొగాకు, కాఫీ, టీ నిషేధం. ఇంటికి ఎవరు వచ్చినా కాచిన పాలో చాకొలేటో ఇచ్చేవారు, లేదంటే వేయించిన గోధుమ తవుడుతో చేసిన పోస్టమ్ అనే కషాయం. నా గదిలో యాలకులు వేసి టీ కాస్తే పైకి వాసన పోయేది. ఏమనుకుంటారో అని నేను కిటికీ తెరిచేవాణ్ణి, మంచులో వణుకుతూ. తెలిసి ముసలమ్మ, "ఆజ్ఞ మాకు గాని నీకు కాదు నాయనా, కిటికీ మూసుకో" అంది. నెలలో మొదటి ఆదివారం రెండుపూటలు పస్తుండి ఆ తిండి ఖర్చు బీదలకు ఇస్తారు. సంపాదనలో పదోవంతు సంఘానికి. సోమవారం సాయంత్రం ఎవరినీ పిలవరు, ఎక్కడికీ పోరు, అది కుటుంబానికి. నేను వెళ్ళకముందు, 1983 వేసవి మొదట్లో, మంచు కరిగి సాల్ట్ లేక్ సిటీలో పెద్దవీధి ఏరై పారితే, పేటపేటనుంచీ జనం వచ్చి ఇసక బస్తాలు పేర్చి గట్లు కట్టారు. ఎవరు రమ్మన్నారంటే బిషప్ ఫోను చేశాడన్నారు. అంతే.

ఈ ఐక్యతకు రెండోవైపు కూడా చూశాను. నాతో చదివిన ఒక అమెరికన్ కుర్రవాడు నమ్మకం పోయి సంఘం విడిచాడు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కాని చెల్లెలి పెళ్ళికి గుడి బయట మెట్లమీద కూర్చున్నాడు. దేవాలయంలోకి, బిషప్ పరీక్షించి చీటీ ఇచ్చిన సభ్యులకే ప్రవేశం. పెళ్ళి లోపల, అన్న బయట. ఇది మన పిల్లవాడికి ప్రత్యేకంగా చెప్పాను, ఎందుకంటే అతని పెళ్ళి అలాంటి గుడిలో జరిగితే బయట కూర్చునేది నా మిత్రుడు. మన దేశంలో మొదటి దేవాలయం బెంగుళూరులో కడతామని 2018లో ప్రకటించారు.

తెలుగువాళ్ళతో వీళ్ళ సంబంధం కొత్తదేమీ కాదు. 1853లోనే రిచర్డ్ బాలంటైన్ అనే ప్రచారకుడు మద్రాసు వచ్చి ఏడాదికి దగ్గరగా ఉండి, పెద్దగా ఫలితం లేక వెనుదిరిగాడు. తర్వాత సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగు కీటకశాస్త్రజ్ఞుడూ ఆయన భార్యా ఈ మతం తీసుకొని, 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి తమ బంధువుల్లో 22 మందికి బాప్తిస్మం ఇప్పించారు. 2012లో హైదరాబాదులో ఏర్పడిన స్టేకు, అంటే కొన్ని పేటలు కలిసిన సంఘం, దేశంలోనే మొదటిది. మోర్మన్ గ్రంథం తెలుగులోనూ దొరుకుతుంది. పిల్లవాడి చేతిలో ఉన్నది అదే. ఆ ఇద్దరు యువకులు సొంత ఖర్చుమీద, లేదా ఇంటివాళ్ళ ఖర్చుమీద, రెండేళ్ళు ఎక్కడికి పంపితే అక్కడ తిరుగుతారు. పద్దెనిమిదేళ్ళవాణ్ణి "ఎల్డర్", అంటే పెద్దా, అని పిలవడం వినడానికి తమాషాగా ఉంటుంది.

చివరగా, నాకు సొంతంగా తగిలిన విషయం. మోర్మన్లు చనిపోయినవాళ్ళకు కూడా బాప్తిస్మం ఇస్తారు. బతికున్నవాడు ఒకడు వారి పేరు మీద గుడి తొట్టిలో మునుగుతాడు. అవతల ఉన్న ఆత్మ ఒప్పుకోవచ్చు, తోసిపుచ్చవచ్చు. దీనికి పూర్వికుల పేర్లు కావాలి గనుక ప్రపంచమంతటా ఊళ్ళ రికార్డులు ఫిల్ము తీశారు. సాల్ట్ లేక్ దగ్గర గ్రానైటు కొండను తొలిచి 1960లలో కట్టిన గదుల్లో 24 లక్షల ఫిల్ము చుట్టలు దాచారు. 2021కల్లా వాటిని కంప్యూటరుకు ఎక్కించడం పూర్తయింది. హరిద్వారం వంటి క్షేత్రాల పండాల వహీలు కూడా అందులో ఉన్నాయి. గయలో పిండం పెట్టే జాతికి ఈ ఆరాటం అర్థం కాకపోదు. కాని అడగకుండా ఇతరుల తాతలకు బాప్తిస్మం ఏమిటని గొడవలూ వచ్చాయి. హిట్లరు శిబిరాల్లో చనిపోయిన యూదుల పేర్లతో ఇలా చేశారని తెలిసి యూదులు మండిపడితే, 1995లో ఇక చేయమని ఒప్పందం రాసుకున్నారు.

ముసలమ్మ ఒకరోజు నాకొక ఫారం ఇచ్చింది. నాలుగు తరాలు, ముప్పై గళ్ళు. "మా గుడికి కాదు, నీకోసమే నింపుకో" అంది. మాది వ్యవసాయపు ఇల్లు. తండ్రి, తాత, ముత్తాత పేర్లు గబగబా రాశాను. ఆడవాళ్ళ వైపు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. నన్ను పెంచిన నాయనమ్మను నేను నాయనమ్మ అనే పిలిచాను. ఆమె పేరు తెలుసు, ఆమె తల్లి పేరు తెలియదు. ఇంటికి ఉత్తరం రాశాను. నెలన్నరకు జవాబు వచ్చింది. నాయనమ్మ చెబుతుంటే మా చెల్లెలు రాసింది. ముగ్గురు పేర్లు వచ్చాయి, నాలుగో ఆమె పేరు నాయనమ్మకే తెలియదట, "పెద్దపాలెం పిల్ల" అనేవాళ్ళట. ఇంకా ఎందుకు కావాలిరా ఇవన్నీ, మతం మారుతున్నావా ఏమిటి అని కింద నాన్న చేతిరాత.

ఫారం నింపాను. ముసలమ్మకు చూపించి, దీన్ని మీ కొండకు ఇవ్వలేనమ్మా, వాళ్ళను అడగలేదు గదా అన్నాను. ఆమె కళ్ళజోడు పెట్టుకొని పేర్లన్నీ మెల్లగా, తప్పుగా, ఒకటొకటే పైకి చదివి తిరిగి ఇచ్చేసింది.

ఇది విన్న పిల్లవాడు మోర్మన్ గ్రంథం సంచిలో పెట్టుకొని, "సంక్రాంతికి ఇంటికి వెళ్తాను బాబాయ్, నాన్నతో నేనే మాట్లాడతాను" అన్నాడు. వెళ్ళేటప్పుడు ఆ ఫారం చూపించమన్నాడు. పెట్టెలోంచి తీసి ఇచ్చాను. ఫోటో తీసుకున్నాడు.